బిడ్డ కోసమని మందులు ఆపేశాను, ఇప్పుడు రక్తం పడుతోంది

పల్నాడు జిల్లాలో ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, అందులోంచి ముఖ్యమైనవే ఇక్కడ చెప్తాను. ఆమెకి ఇరవై ఏడేళ్లు. పెళ్లికి ముందే రక్తం, జిగురుతో విరేచనాలు మొదలైతే ఒక చోట అమీబియాసిస్ అన్నారు, ఇంకో చోట మొలలన్నారు, ఆఖరికి గుంటూరులో కొలనోస్కోపీ, అంటే గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష చేసి, అల్సరేటివ్ కొలైటిస్ అని, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బని తేల్చారు. పేగు వాపుని తగ్గించే మెసలమిన్, ఒంటి రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ మాత్రలతో ఏడాదిన్నరగా ఏ ఇబ్బందీ లేదు. ఐదో వారంలో నెల తప్పిందని తెలిసింది, ఆ రోజే రెండు మాత్రలూ ఆపేశారు. "మెడికల్ షాపు అబ్బాయి డబ్బా చూసి, గర్భిణులు వాడకూడదని దీని మీదే రాసి ఉందక్కా అన్నాడు" అని రాశారు.

ఇప్పుడు పదకొండో వారం. పది రోజులుగా రోజుకి నాలుగైదు సార్లు వెళ్లాల్సి వస్తోంది, తెల్లవారకముందే మెలకువ వచ్చి పరుగెత్తాల్సి వస్తోంది, జిగురు పడుతోంది, రక్తం చారలు కనిపిస్తున్నాయి. వాళ్లమ్మగారు వేడి చేసిందని, మొలలేమోనని మజ్జిగ, సబ్జా గింజలు, దానిమ్మ తొక్క కషాయం ఇస్తున్నారు. గైనకాలజిస్టు "మీ గ్యాస్ట్రో డాక్టర్ని అడగండి" అన్నారట, అక్కడికి ఫోన్ చేస్తే "గర్భిణి కదా, గైనిక్ డాక్టర్నే అడగండి" అన్నారట. భర్త హైదరాబాద్‌లో ఉద్యోగం, శనివారాలు వస్తాడు, ఆయనకి జబ్బు సంగతి తెలుసు. అత్తగారికి తెలియదు, సంబంధం కుదుర్చుకునేటప్పుడు చెప్పలేదు. ఇది చాలదన్నట్టు ఒక పిన్నిగారు "నెల తప్పిన కొత్తలో ఆ మాత్రలు కడుపులోకి పోయాయిగా, బిడ్డకి అవకరం వస్తుంది, తీయించేసుకో" అన్నారు. మందులు మళ్లీ మొదలుపెట్టాలా, స్కోపీ అంటారేమో, చేయించుకుంటే బిడ్డకేమైనా అవుతుందా, ఏ పరీక్షలు చేయించుకోవాలి, అత్తగారికి చెప్పాలా, పిన్ని అన్నది నిజమేనా. ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, ముందుగా ఒక్క మాట. మీరు రాసిన లక్షణాలు చూస్తే ఇది తీరిగ్గా ఆలోచించుకునే విషయం కాదు, అలాగని అర్ధరాత్రి బండి కట్టించుకుని పరుగెత్తాల్సినదీ కాదు. ఈ వారంలో డాక్టరు చూడాలి. వచ్చే నెల చెకప్ దాకా ఆగొద్దు. జబ్బు తిరగబెట్టినట్టే అనిపిస్తోంది, ఇప్పుడు పట్టుకుంటే గోటితో పోతుంది, గొడ్డలి దాకా తెచ్చుకోకండి.

మొలలేమో అని అమ్మగారికి అనిపించటం సహజమే, గర్భిణుల్లో మొలలు చాలా మామూలు. మొలల రక్తం ఎక్కువగా గట్టి విరేచనం చివర్న ఎర్రగా బొట్లుబొట్లుగా పడుతుంది, మిగతా రోజంతా ఏమీ ఉండదు. మీకు జిగురు ఉంది, రక్తం విరేచనంలో కలిసి వస్తోంది, వెళ్లొచ్చినా ఇంకా వెళ్లాలనే అనిపిస్తోందన్నారు, నిద్రలోంచి లేపుతోంది. నిద్రలోంచి లేపే విరేచనాన్ని మొలలకి, వేడికి అంటగట్టి వదిలేయకూడదు. మజ్జిగ తాగండి, మంచిదే. దానిమ్మ తొక్క కషాయం మాత్రం ఆపేయండి. రెండు రోజులు విరేచనాలు తగ్గినట్టు కనిపిస్తే పేగు మానిందనుకుంటాం, లోపల పుండు అలాగే ఉంటుంది.

ఇక మందులకి వద్దాం. మీరు చేసింది బిడ్డ మీద ప్రేమతో చేసినదే, మీ స్థానంలో చాలామంది అదే చేస్తారు, కాబట్టి మిమ్మల్ని మీరు తిట్టుకోవటం ఆపండి. కానీ ఈ జబ్బులో లెక్క మనం అనుకున్నదానికి తిరగేసి ఉంటుంది. బిడ్డకి ఎక్కువ హాని మందుల వల్ల రాదు, రేగిన పేగు వల్ల వస్తుంది. పేగులో మంట, అంటే వాపూ పుండూ, అదుపు తప్పితే గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, బిడ్డ బరువు తగ్గటం, తల్లికి రక్తహీనత, కాళ్లలో రక్తం గడ్డకట్టటం, ఇవన్నీ పెరుగుతాయి. మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. జబ్బు సద్దుమణిగి ఉన్నప్పుడు మీకు గర్భం వచ్చింది. అలా వచ్చినవాళ్లలో తిరగబెట్టేది దాదాపు మూడో వంతు మందికి, అంటే గర్భం లేని వాళ్లలో ఉండేంతే. జబ్బు రేగి ఉండగా గర్భం వస్తే మాత్రం మూడింట రెండు వంతుల మందిలో అది అలాగే సాగుతుంది, లేదా ముదురుతుంది. మీరు మొదటి గుంపులో మొదలయ్యారు. ఆ మంచి స్థితిని మందులే నిలబెట్టాయి, అవి ఆగాక జారుతోంది.

మెసలమిన్ గర్భంలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందు, కడుపుతో ఉన్నా కొనసాగించమనే నిపుణుల మాట. పాతకాలపు కొన్ని మాత్రల పైపూతలో డైబ్యుటైల్ థాలేట్ అనే రసాయనం ఉండేది, అది లేని రకం వాడమంటారు. మీ స్ట్రిప్ ఫోటో డాక్టరుకి పంపి ఆ సంగతి అడగండి. మీ షాపు అబ్బాయి చదివిన హెచ్చరిక అజాథయోప్రిన్‌ది, ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు, డబ్బా మీద అలాగే ఉంటుంది. జంతువులకి పెద్ద డోసులు ఇచ్చి చేసిన పరీక్షల నుంచి వచ్చిన హెచ్చరిక అది. తర్వాత మనుషుల్లో చూశారు. అమెరికాలో ఉమా మహదేవన్ అనే డాక్టరు ఆధ్వర్యంలో 2007 నుంచి పియానో అనే పేరుతో ఈ జబ్బు ఉన్న గర్భిణుల వివరాలు సేకరిస్తున్నారు. దాదాపు 1,500 గర్భాల ఫలితాలు 2021లో వచ్చాయి, అజాథయోప్రిన్ జాతి మందులు వాడిన తల్లుల బిడ్డల్లో అవకరాలు ఎక్కువేమీ కనిపించలేదు. 2025లో పలు దేశాల నిపుణులు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, ముందు నుంచి అజాథయోప్రిన్ వాడుతూ బాగున్నవాళ్లు గర్భంలో కొనసాగించవచ్చనే చెప్పాయి. కాబట్టి పిన్నిగారి మాటకి ఆధారం లేదు. గర్భం ఉంచుకోవటం, వద్దనుకోవటం మీ ఇష్టం, మీ సమ్మతి లేకుండా గర్భం తీయటానికి చట్టం ఒప్పుకోదు, ఎవరి ఒత్తిడీ అక్కర్లేదు. కానీ ఆ నిర్ణయం ఈ రెండు మాత్రల భయంతో మాత్రం తీసుకోకండి. మొదటి ఐదు వారాల్లో ఈ మాత్రలు వేసుకున్నారన్నది గర్భం తీయించుకోవటానికి వైద్యపరంగా కారణమే కాదు. మీకిప్పుడు పదకొండో వారం, అంటే ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటిని కొలిచేది) చేయించుకునే సమయం, పద్నాలుగు వారాలు నిండకముందే అది అయిపోవాలి. ఆ తర్వాత ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ ఉంటుంది. బిడ్డ గురించిన భయానికి జవాబు ఆ స్కాన్లలో దొరుకుతుంది, పిన్నిగారి దగ్గర కాదు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఇక్కడే ఒక మాట, ఎందుకంటే అందరి మాత్రలూ మీ మాత్రల్లాంటివి కావు. మెథోట్రెక్సేట్ గర్భంలో అస్సలు పనికిరాదు, గర్భం కోసం ప్రయత్నించటానికి కొన్ని నెలల ముందే మానాలి. టోఫాసిటినిబ్ మన దగ్గర చవగ్గా దొరుకుతోంది, కొలైటిస్‌కి చాలామంది వాడుతున్నారు, దాన్ని కూడా గర్భంలో వద్దంటారు. సల్ఫాసలజీన్ వాడుకోవచ్చు గానీ దాంతోపాటు ఫోలిక్ ఆసిడ్ మామూలు కంటే ఎక్కువ, రోజుకి 2 మిల్లీగ్రాములు కావాలి. ఇవి వాడుతూ నెల తప్పితే ఎవరినీ అడక్కుండా మానేసి ఊరుకోవద్దు, ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయండి, బదులు ఏం వాడాలో వాళ్లు చెప్తారు.

మీ ముందు ఇప్పుడున్న దారులు చూద్దాం. డోసులు నేను చెప్పను, మీ రిపోర్టులు నా ముందు లేవు. కానీ డాక్టరు ఏం చెప్పొచ్చో ముందే తెలిస్తే అక్కడ కంగారు పడరు. మంట తక్కువగా ఉందని తేలితే మెసలమిన్ మాత్రలు పూర్తి డోసులో మొదలుపెట్టి, రాత్రిపూట అదే మందు ఎనిమాగానో (మలద్వారం గుండా ఎక్కించే ద్రవం), మలద్వారంలో పెట్టుకునే బిళ్లగానో ఇస్తారు. అది గర్భంలోనూ వాడుకోవచ్చు. మీలో జబ్బు పెద్దపేగు చివరి భాగంలోనే ఉందని పాత రిపోర్టులో ఉందన్నారు కదా, అక్కడికి నేరుగా చేరేది ఈ మందే. ఇబ్బందల్లా ఉమ్మడి ఇంట్లో, ఒకే బాత్రూమ్‌తో, ఎవరికీ చెప్పకుండా రోజూ ఎనిమా పెట్టుకుని ఎడమ పక్కకి తిరిగి పడుకోవటం. దాని సంగతి తర్వాత చెప్తాను. మంట మధ్యస్థంగా ఉంటే కొన్ని వారాలు ప్రెడ్నిసలోన్ ఇస్తారు. స్టెరాయిడ్ అనగానే భయపడకండి, ఆ మందులో చాలా భాగం మాయ దగ్గరే విరిగిపోతుంది, బిడ్డకి చేరేది కొంచెమే. కాకపోతే షుగరు, బీపీ పెరగొచ్చు, అందుకని గర్భిణులకి చేసే 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష ముందుగానే, మళ్లీ మళ్లీ చేయిస్తారు. స్టెరాయిడ్‌కీ లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఉన్నాయి, అవీ గర్భంలో ఇస్తారు. అజాథయోప్రిన్ సంగతి వేరు, అది నెమ్మదిగా పనిచేసే మందు, తిరిగి మొదలుపెట్టినా రెండు మూడు నెలలకి గానీ ఫలితం కనపడదు, కాబట్టి ఈ రక్తాన్ని ఆపేది అది కాదు, మున్ముందు కాపాడేది. గర్భంలో దాన్ని కొత్తగా మొదలుపెట్టరు. మీరు ఏడాదిన్నర ఏ ఇబ్బందీ లేకుండా వాడి కొన్ని వారాలే ఆపారు కాబట్టి మళ్లీ ఇవ్వాలా వద్దా అనేది మీ గ్యాస్ట్రో డాక్టరు నిర్ణయం. ఇస్తే రక్తకణాల లెక్క, లివర్ పరీక్ష మధ్యమధ్యలో చేయించాల్సిందే. ఇక చివరి దారి, ఏమీ చేయకుండా కాన్పు దాకా ఓర్చుకోవటం. ఆ దారిలో నాకు లాభం ఒక్కటీ కనపడట్లేదు.

ఇవన్నీ "మంట ఎంత ఉంది" అనే ఒక్క ప్రశ్న మీద ఆధారపడ్డాయి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది కూడా అదే, ఈ మూడు నెలల్లో పేగు స్థితి తెలుసుకునే పరీక్ష ఒక్కటి కూడా జరగలేదు. రక్త పరీక్షలు బాగున్నాయని గైనిక్ డాక్టరు అన్నారని రాశారు. గర్భంలో మామూలు రక్త పరీక్షలు ఈ జబ్బు విషయంలో దారి తప్పిస్తాయి. ఒంట్లో మంటని చూపే పరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ. ఈఎస్ఆర్ ఏ గర్భిణికైనా పెరుగుతుంది, జబ్బు అక్కర్లేదు. హిమోగ్లోబిన్, రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గుతాయి, ఎందుకంటే పాలల్లో నీళ్లు కలిసినట్టు ఒంట్లో రక్తంలోని నీటి భాగం పెరుగుతుంది. సీఆర్‌పీ కూడా కొద్దిగా పెరగొచ్చు. అందుకని అంకె ఎక్కువగా ఉంటే జబ్బేనని, మామూలుగా ఉంటే జబ్బు లేదని, రెండూ గట్టిగా చెప్పలేం. వికారం, కడుపుబ్బరం, అలసట సరేసరి, వేవిళ్లవా పేగువా అనేది మీకే తెలియదు.

గర్భం పెద్దగా కదిలించలేని అంకె ఒకటుంది, మలంలో కాల్‌ప్రొటెక్టిన్. పేగులో మంట ఉంటే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరతాయి, వాటిలోని ఈ ప్రోటీన్ మలంలోకి దిగుతుంది. గ్రాముకి 150 మైక్రోగ్రాముల లోపు ఉంటే చాలావరకు ధైర్యంగా ఉండొచ్చు, 250 దాటితే అనుమానించాలి, వందలు దాటి వేలల్లోకి పోతే జబ్బు రేగినట్టే లెక్క. ఖర్చు రెండు మూడు వేల రూపాయల దాకా అవుతుంది, చిన్న ఊళ్లలో ల్యాబులు శాంపిల్ తీసుకుని హైదరాబాదో చెన్నైయో పంపిస్తాయి, రిపోర్టుకి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల కోసం మందు ఆపుకుని కూర్చోవాలని లేదు, డాక్టరు మొదలుపెట్టమంటే శాంపిల్ ఇచ్చి మొదలుపెట్టండి.

శాంపిల్ ఎలా తీయాలో చెప్పేవాళ్లు ఉండరు, అందుకని వివరంగా రాస్తున్నాను. ల్యాబులో మూతకి చిన్న స్పూన్ ఉన్న డబ్బా ఇస్తారు. ముందు మూత్రానికి వెళ్లిరండి, మూత్రం అందులో కలవకూడదు. మన దొడ్లో నేల మీది లావెట్రీ అయితే బేసిన్ మీద శుభ్రమైన పాలిథిన్ కవరో, పాత పేపరో పరిచి దాని మీద వెళ్లండి, నీళ్లలో పడింది పనికిరాదు. పొద్దున మొదటిసారిది అయితే మేలు. స్పూన్‌తో శెనగగింజ అంత తీసి డబ్బాలో వేసి మూత బిగించి, మీ పేరు, తేదీ, టైము రాసి ఆ రోజే ఇచ్చేయండి. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి, ఒక్కో ల్యాబు ఒక్కో కిట్టు వాడుతుంది, అంకెలు పోల్చలేం. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటే ఈ అంకె పెరుగుతుంది. గర్భంలో గ్యాస్‌కి, ఛాతీలో మంటకి ఇచ్చే పాంటప్రజోల్ లాంటివి కూడా పెంచగలవు. అవి వాడుతుంటే దాయకుండా చెప్పండి. నొప్పి మాత్రలు ఎలాగూ ఈ జబ్బుకి పడవు, గర్భానికీ మంచివి కావు, నొప్పి ఉంటే పారాసెటమాల్ చాలు.

ఆ రోజే మలంలో ఇన్‌ఫెక్షన్ పరీక్షలు కూడా చేయించమని అడగండి. మన దగ్గర నీళ్ల వల్ల వచ్చే ఇన్‌ఫెక్షను, అమీబా, క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే క్రిమి, ఇవన్నీ అచ్చం కొలైటిస్ తిరగబెట్టినట్టే ఉంటాయి. అవి లేవని తేలకుండా స్టెరాయిడ్ ఇస్తే చిక్కు. అలాగే పరీక్ష లేకుండా షాపులో ఇచ్చే విరేచనాల మాత్రలు మింగితే రోజులు గడుస్తాయి, జబ్బు ముదురుతుంది.

స్కోపీ గురించి మీ భయం. ఇప్పుడు అవసరం పడితే చేసేది పూర్తి కొలనోస్కోపీ కాదు, సిగ్మాయిడోస్కోపీ, పెద్దపేగు చివరి భాగం వరకే చూస్తారు. పొట్ట ఖాళీ చేయటానికి లీటర్ల కొద్దీ మందు తాగక్కర్లేదు, చిన్న ఎనిమా చాలు, మామూలుగా మత్తు కూడా ఇవ్వరు. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి కొద్ది నిమిషాల్లో ముగిస్తారు. గర్భంలో ఏ నెలలోనైనా, వైద్యం మారేంత కారణం ఉంటే, ఇది చేయవచ్చు. కాల్‌ప్రొటెక్టిన్ బాగా ఎక్కువ వచ్చి, మందు మొదలెట్టినా తగ్గకపోతే అప్పుడు ఒప్పుకోవటం తెలివైన పని. అంకె మధ్యస్థంగా ఉండి మందుతో దిగుతుంటే స్కోపీ లేకుండానే గడిచిపోవచ్చు. పేగు అల్ట్రాసౌండ్ అని ఇంకొకటుంది, బిడ్డని చూసే స్కాన్ లాంటిదే, రేడియేషన్ ఉండదు, కానీ అది చేయటం వచ్చిన డాక్టర్లు పెద్ద ఊళ్లలోనే ఉంటారు, ఐదో నెల దాటితే గర్భసంచి అడ్డొచ్చి సరిగా కనపడదు. సీటీ స్కాన్ మాత్రం ప్రాణం మీదికొస్తే తప్ప ఎందుకూ వద్దు.

ఇప్పటి పరీక్ష ఒక్కటితో అయిపోదు. మందు మొదలయ్యాక నాలుగైదు వారాలకి మళ్లీ కాల్‌ప్రొటెక్టిన్, దిగిందని తేలాక మూడు నెలలకొకసారి, మధ్యలో లక్షణాలు వస్తే అప్పుడే. ఇది చాలామంది డాక్టర్లు పాటించే పద్ధతి, మీ డాక్టరు కొంచెం మార్చొచ్చు. ఏడో నెల నుంచి బిడ్డ ఎదుగుదల స్కాన్లు మామూలు కంటే ఎక్కువసార్లు అడగండి. మూడో నెల చివర నుంచి తక్కువ డోసు ఆస్పిరిన్ గురించి కూడా గైనిక్ డాక్టర్ని అడగండి, బీపీ ఉపద్రవాల నుంచి కాపాడటానికి ఈ జబ్బు ఉన్న గర్భిణులకి ఇమ్మని 2025 మార్గదర్శకాలు చెప్తున్నాయి, మొదలుపెట్టాల్సింది 12 నుంచి 16 వారాల మధ్య. రక్తం పోతున్న ఈ సమయంలో మీకు ఇవ్వాలా వద్దా అనేది ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని చెప్పాలి, మీ అంతట మీరు మొదలెట్టొద్దు.

ఏఎన్ఎం ఇచ్చే ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందని, విరేచనం నల్లగా అవుతోందని రాశారు. నల్లగా అవటం ఐరన్ వల్లే, ఎర్ర రక్తంతో దానికి సంబంధం లేదు. కానీ పేగు రేగి ఉన్నప్పుడు మాత్రలో ఐరన్ సరిగా ఒంటబట్టదు, ఇబ్బందీ పెంచుతుంది. నాలుగో నెల నుంచి సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంటుంది, హిమోగ్లోబిన్ తక్కువుంటే ఆ దారి అడగండి. ఫోలిక్ ఆసిడ్ మాత్రం ఆపొద్దు.

గోడ క్యాలెండర్లో తేదీ గడిలో రోజూ రాత్రి రెండు అంకెలు వేయండి, ఎన్నిసార్లు వెళ్లారు, అందులో ఎన్నిసార్లు రక్తం కనపడింది. రాత్రి లేస్తే ఒక చుక్క పెట్టండి. చూసేవాళ్లకి పాల లెక్కలా ఉంటుంది. డాక్టరు "ఎలా ఉంది" అంటే మనం "కొంచెం ఫర్వాలేదండీ" అంటాం, ఆ మాటతో ఆయనకేం తెలియదు. ఆ గళ్ల ఫోటో చూపిస్తే తెలుస్తుంది.

ఇద్దరు డాక్టర్లు మిమ్మల్ని ఒకరి మీదికి ఒకరు తోయటం చాలా తప్పు, మీ కోపం న్యాయమైనదే. కానీ ఇద్దరిలో ఈ జబ్బు మందులు నిర్ణయించాల్సింది గ్యాస్ట్రో డాక్టరే, ఆ విషయంలో మీకు సందేహం వద్దు. ఫోన్లో అసిస్టెంటు చెప్పినదాన్ని డాక్టరు మాటగా తీసుకోకండి, స్వయంగా కలవండి. అప్పుడు ఒక్క కోరిక కోరండి, "నేను వాడాల్సిన మందులు, గర్భంలో వాడొచ్చని, ఏ నెలలో ఏ పరీక్ష అని మీ లెటర్‌హెడ్ మీద రాసివ్వండి" అని. ఆ కాగితం ఉంటే గైనిక్ డాక్టరుకీ ధైర్యం, షాపు అబ్బాయికీ జవాబు. మీవారు కాన్పు దాకా హైదరాబాద్ వచ్చేయమంటున్నారన్నారు. అక్కడ రెండు విభాగాలూ ఒకే ఆస్పత్రిలో దొరుకుతాయి, ఎనిమా పెట్టుకోవటానికి సొంత గది ఉంటుంది. కానీ పగలంతా ఒక్కరే ఉంటారు, ఖర్చు పెరుగుతుంది. ఊళ్లో ఉంటే మనుషులున్నారు, గుంటూరు వెళ్లి రావటం ఒక పూట పని. 2020 నుంచి ఫోన్లో, వీడియోలో వైద్య సలహాకి దేశంలో పద్ధతిగా నిబంధనలు ఉన్నాయి కాబట్టి, ఒకసారి ముఖాముఖి చూశాక మధ్యలో ఫోన్ మీదే నడిపించవచ్చు. రెండూ కుదిరే దారులే. అయితే మందుకి లొంగకుండా రక్తం సాగితే మాత్రం ఊరు వదిలి పెద్ద ఆస్పత్రికి దగ్గరగా ఉండటమే మేలు.

పురిటికి ఒంగోలు దగ్గర పుట్టింటికి వెళ్లాలంటున్నారు. ఏడో నెలలో ఊరు మారితే డాక్టర్లూ మారతారు, ల్యాబూ మారుతుంది, సరిగ్గా జాగ్రత్తగా చూడాల్సిన రోజుల్లో అన్నీ కొత్త. వెళ్లొద్దనను, అమ్మ చేతి కింద ఉండటం మీకు కావాలి. వెళ్లేముందే ఒంగోల్లో గైనిక్ డాక్టర్ని ఒకసారి కలిసి ఫైలు చూపించి రండి, గ్యాస్ట్రో డాక్టర్ని మాత్రం మార్చకండి. మలద్వారం దగ్గర ఫిస్టులాలు (చీము కారే దారులు) లేవు కాబట్టి ఈ జబ్బు ఉందన్న ఒక్క కారణంతో ఆపరేషన్ అక్కర్లేదు, మామూలు కాన్పుకి ప్రయత్నించవచ్చు. పాలివ్వటానికి మెసలమిన్, అజాథయోప్రిన్ అడ్డం కావు. బాలింత పథ్యం పేరుతో మళ్లీ మందులు ఆపించేవాళ్లు వస్తారు, ఆ మాట అమ్మగారికి ఇప్పుడే చెప్పి ఉంచండి, కాన్పయ్యాక కూడా ఈ జబ్బు తిరగబెట్టగలదు. ఇంకొకటి, ఒకవేళ మీకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్ పడితే, పుట్టగానే వేసే బీసీజీ టీకా బిడ్డకి అప్పుడే వేయకూడదు, ఆరు నెలల దాకా ఆగాలి. ఆస్పత్రుల్లో అది అడక్కుండానే వేసేస్తారు, కాబట్టి పిల్లల డాక్టరుకి ముందే చెప్పాలి. మీ ఇప్పటి రెండు మాత్రలకైతే ఆ ఇబ్బంది లేదు.

అత్తగారి సంగతి. చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. మాత్రలు బీరువాలో దాచాలి, ఎనిమా దాచాలి, గుంటూరు ప్రయాణానికి ప్రతిసారీ ఒక సాకు కావాలి, రాత్రి రక్తం ఎక్కువైతే ఇంట్లో ఉన్న పెద్ద మనిషికి ఏం జరుగుతోందో తెలియదు. చెప్తే "సంబంధం దాచి చేశారు" అనే మాట రావొచ్చు, కొన్ని వారాలు ఇల్లు బరువెక్కొచ్చు, ఆ మాట మీ అమ్మానాన్నల దాకా పోవచ్చు. ఆ భయం చిన్నది కాదని నాకు తెలుసు. మధ్యలో ఒక దారి ఉంది, మీవారు చెప్పటం. "పేగులో పుండు ఉంది, మందులతో అదుపులో ఉంటుంది, నాకు ముందే తెలుసు, బిడ్డ కోసం మందులు తప్పనిసరి అని డాక్టరు అన్నాడు" అని కొడుకు నోటి నుంచి వస్తే కోడలు దాచిందనే మాటకి పదును తగ్గుతుంది. వీలైతే అత్తగారిని ఒకసారి డాక్టరు గదిలోకి తీసుకెళ్లండి, మాత్రలు ఆపటమే ప్రమాదమని ఆయన నోటితో వింటే మీరు వందసార్లు చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది. బిడ్డకి వస్తుందా అని ఆమె తప్పక అడుగుతారు. తల్లిదండ్రుల్లో ఒక్కరికే ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం వందలో కొద్దిమందికే, ఎక్కువమంది పిల్లలకి రాదు. నా మనసులో మాట అడిగితే చెప్పటమే మంచిదంటాను. అయితే ఆ ఇంట్లో ఉండేది మీరు, ఎప్పుడు చెప్పాలో మీకే తెలుస్తుంది. ఎంత ఆలస్యమైనా సరే, మందులు మాత్రం దానికోసం ఆగకూడదు.

ఇవి మాత్రం ఆలోచించకుండా బయల్దేరాల్సినవి: రోజుకి ఆరు, అంతకంటే ఎక్కువ రక్త విరేచనాలు, వాటితో జ్వరమో, గుండె దడో, కళ్లు తిరగటమో ఉండటం, పొట్ట బిగుసుకుపోయి నొప్పి, ఒక కాలు పిక్క వాచి నొప్పి పెట్టటం, ఆయాసం, యోని నుంచి రక్తం. ఆస్పత్రిలో చేర్చుకుంటే రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్ గురించి అడగండి. విరేచనాల్లో రక్తం పోతుంటే మళ్లీ ఆ ఇంజెక్షనా అని ఇంట్లోవాళ్లు కంగారుపడతారు, కానీ ఈ జబ్బు, గర్భం రెండూ కలిసినప్పుడు గడ్డల ముప్పే పెద్దది. క్యాజువాల్టీలో మొదటి మాటగా విరేచనాలని చెప్పకండి, సెలైన్ పెట్టి పంపేస్తారు. "అల్సరేటివ్ కొలైటిస్ ఉంది, ఇన్నో వారం గర్భం, ఈ మందులు వాడుతున్నాను" అని చెప్పండి. ఈ మూడు ముక్కలూ, గ్యాస్ట్రో డాక్టరు నంబరూ ఒక కాగితం మీద రాసి మీ మాతా శిశు సంరక్షణ కార్డులో పెట్టుకోండి, ఆ సమయానికి మీ పక్కన ఎవరున్నా చదివి చెప్పగలిగేలా.